చలి సముద్రంలో పగడపు మొక్క

సముద్రం ఇంకా మనిషి మాట ఆలకించే రోజుల్లో, విద్రుమపురమనే ఊరిని శంఖపాలుడనే రాజు ఏలుతుండేవాడు. ఆ ఊరికి కోటగోడ లేదు. ఒడ్డుకు కాస్త దూరాన నీళ్లలో పెరిగిన పగడాల గట్టే వాళ్ల కోట. ఎంత పెద్ద అలైనా దానికి కొట్టుకుని, నురగై, మెత్తగా ఒడ్డు చేరేది. ఊళ్లో బిడ్డ పుడితే, రాలిపడిన పగడపు ముక్కను నూలు దారంతో రాయికి కట్టి గట్టు పక్కన నీళ్లలో దించేవారు. బిడ్డతో పాటు పగడమూ పెరిగేది. తాతముత్తాతల నుంచీ అలా పెరిగిన గట్టు అది.

ఒకనాడు అగ్నిజిహ్వుడనే మాంత్రికుడు వచ్చి, "ఆ గట్టు తవ్వించి ఇయ్యి రాజా, మేడ కట్టుకుంటాను" అన్నాడు. రాజు ఇవ్వనన్నాడు. మాంత్రికుడు మండిపడి తన మంత్రదండాన్ని సముద్రంలో ముంచాడు. నీళ్లు వేడెక్కాయి. ఎర్రని గట్టు పాలిపోయి, ఎముకలా తెల్లబడి, విరిగి కూలింది. ఇక అలలు నేరుగా ఇళ్ల మీదికే వచ్చాయి. ఏడాదికో వీధి సముద్రంలో కలిసిపోతుంటే రాజుకు తిండి సహించలేదు.

రాజుకు ముగ్గురు కొడుకులు. మాంత్రికుల ప్రాణం చిలకలో ఉంటుందని లోకమంతా అనుకునేదే కదా. పెద్దవాడు అడవికి పోయి కనిపించిన చిలకనల్లా కొట్టాడు. మాంత్రికుడికి తుమ్మైనా రాలేదు. రెండోవాడు కనిపించిన చిలకనల్లా పట్టి పంజరాల్లో పెట్టాడు. చివరికి వాటి గోల భరించలేక తనే ఇల్లు వదిలిపోయాడు. మూడోవాడు మణికర్ణుడు. ప్రతి పనికీ ఆలోచిస్తూ కూర్చుంటాడని ఇంట్లో అందరూ ఆటపట్టించేవారు. అతను ఒక ముసలి చిలక పక్కన కూర్చుని, "మాంత్రికుడి ప్రాణం ఎక్కడుందో నీకేమైనా తెలుసా చిలకమ్మా?" అని అడిగాడు.

"ఇన్నాళ్లకు అడిగినవాడివి నువ్వొక్కడివే నాయనా," అంది చిలక. "వాడి ప్రాణం పగడంలో ఉంది. ఆరు సముద్రాల అవతల, ఏడోదానిలో, పగడం బతకగలిగిన చిట్టచివరి చోట. ఆ చలిలో పగడాన్ని ఎవరు వెతుకుతారని వాడి ధీమా."

ఒక తాబేలు మణికర్ణుణ్ణి వీపున ఎక్కించుకుంది. మాంత్రికుడి వేడి పాకి, దారిపొడుగునా ఆరు సముద్రాల్లోనూ పగడాలు తెల్లగా చచ్చి ఉన్నాయి. ఏడో సముద్రంలో పళ్లు కటకటలాడేంత చలి. అక్కడి రాళ్ల ఒడ్డున గవ్వలేరుకునే హేమంతి అనే అమ్మాయి అతనికి ఆ పగడాన్ని చూపించింది. ఎర్రగా, జానెడు మొక్క.

"మా అమ్మమ్మ చిన్నప్పుడు ఇది బెత్తెడు," అంది. "చలికాలంలో ముడుచుకుపోతుంది. చచ్చిపోయిందనుకుంటాం. ఎండ తగిలితే మళ్లీ విచ్చుకుంటుంది."

విరగ్గొట్టడానికి వచ్చిన మణికర్ణుడికి చెయ్యి రాలేదు. అయ్యో, ఎంత చలికి ఓర్చుకుంటోందో అని జాలిపడ్డాడు. వేడి ఒడ్డున పుట్టినవాడు కదా, మంట వేసి, రాళ్లు కాల్చి, వాటిని పగడం చుట్టూ నీళ్లలో పేర్చాడు. కాసేపటికి పగడం కొసలు పాలిపోయాయి.

"ఏం పని చేశావయ్యా? చలి నీకు, దానికి కాదు," అంది హేమంతి.

ఆ తెలుపు మణికర్ణుడికి తెలిసిన తెలుపే. అంతలో ఒళ్లంతా బొబ్బలతో మాంత్రికుడు వచ్చి పడ్డాడు. "కాలిపోతున్నాను, ఆ రాళ్లు తియ్యి."

ఇంకాసేపు ఊరుకుంటే శత్రువు పీడ విరగడవుతుంది. కానీ సముద్రాలన్నిటిలో మిగిలిన పగడం ఇదొక్కటే. ఇదీ పోతే గట్టు మళ్లీ దేనితో కట్టాలి? మణికర్ణుడు చేతులు కాలుతున్నా రాళ్లన్నీ తీసి ఒడ్డున పడేశాడు.

ఊపిరాడగానే మాంత్రికుడు దండం ఎత్తాడు.

"ఎత్తు," అన్నాడు మణికర్ణుడు నెమ్మదిగా. "నీ వేడి ఆరు సముద్రాలు దాటింది. ఏడోది ఎంత దూరం? ఇవాళ రాళ్లు పెట్టింది నేను. రేపు పెట్టేది నువ్వే."

మాంత్రికుడు నీళ్లకేసి చూశాడు. ఇన్నేళ్లలో ఆ సంగతి అతనికి తట్టనే లేదు. దండాన్ని చలినీళ్లలోకి విసిరేశాడు. అది బుస్సుమని ఆరిపోయింది, దానితోపాటే సముద్రాల వేడీ తగ్గింది.

పగడం నుంచి రాలిన చిన్న కొమ్మను హేమంతి తీసి ఇచ్చింది. ఇచ్చి ఊరుకోలేదు, "దీన్ని పెంచడం నీకు చేతకాదు" అని తనూ తాబేలెక్కింది. విద్రుమపురంలో వాళ్ల పెళ్లినాడు ఆ కొమ్మను నూలు దారంతో రాయికి కట్టి నీళ్లలో దించారు. ఆ కొమ్మలోనూ తన ప్రాణముంది గనక మాంత్రికుడూ వెంట వచ్చాడు. మేడ మాట మరిచి ఒడ్డున గుడిసె వేసుకుని, పగడం మీద కాలు పెట్టే పిల్లల్ని అదిలిస్తూ కాపలా కాశాడు.

మణికర్ణుడు రాజై చాలాకాలం ఏలాడు. గట్టు మాత్రం తొందరపడలేదు. ఊరు వెనక్కి జరిగి, గుడిసెల్లో ఓర్చుకుంది. రాజుకూ రాణికీ తల నెరిసిన ఏడు, వానాకాలంలో పెద్ద అల ఒకటి లేచింది. అందరూ పిల్లల్ని చంకనెత్తుకున్నారు. అల నీళ్లలోనే దేనికో కొట్టుకుని, నురగై, మెత్తగా వచ్చి హేమంతి పాదాల దగ్గర ఆగింది.

ఆ ఏడు ఏ వీధీ పోలేదు.