ఏరు అయిన ఊరు

ఎప్పటి మాటో ఎవరూ చెప్పలేరు. చెప్పిన నోళ్లు మారాయి గాని, ఈ కథ మాత్రం అలాగే ఉంది. వినండి.

ఒక ఏటి పక్కన గొర్రెల కాపర్ల ఊరు. ఆ ఊళ్లో చాపలు, తట్టలు అల్లుకుని బతికే నాంచారవ్వ. ఆ రోజుల్లో కథ చెప్పేవాళ్లున్నారు, పాట పాడేవాళ్లున్నారు. "రాజు అట్ల అన్నడట" అనేవాళ్లే తప్ప, "నేనే రాజును" అని వేషం కట్టి పదిమందిలో నిలబడ్డవాళ్లు ఇంకా పుట్టలేదు.

అవ్వకు పిల్లల్లేరు. పక్కింటి ముసలి కాపరి పెళ్లాం పోతే, అతని కొడుకులిద్దరినీ తనే జొన్న గటక తినిపించి పెంచింది. పెద్దోడు ఓదెలు, చిన్నోడు బీరయ్య.

ఒక వానాకాలం ఓదెలు మందను తోలుకుని ఏరు దాటి అడవికి పోయాడు. అతనటు పోగానే ఇక్కడ తండ్రి మంచం పట్టాడు. ఏరు పొంగింది. నీళ్లు తీశాక ఓదెలు తిరిగొచ్చేసరికి తండ్రి బూడిదయ్యాడు.

"నాయిన చివరి చూపు నాకు దక్కనియ్యలే. నన్ను పిలవనే లేదు" అన్నాడు ఓదెలు.

"ఒడ్డున నిలబడి గొంతు పోయేట్టు అరిచిన. విని గూడ రాలే" అన్నాడు బీరయ్య.

మాటలు తెగాయి. మందలు చీలాయి. సగం ఊరు అన్న వైపు, సగం ఊరు తమ్ముడి వైపు అయింది.

నాంచారవ్వ ఓదెలు దగ్గరికి పోయింది. "బిడ్డా, నీ తమ్ముడు అరిచిండు. నేను చూసిన."

"నువ్వు వాని మనిషివి" అన్నాడు ఓదెలు.

బీరయ్య దగ్గరికి పోయింది. "బిడ్డా, నీ అన్న, నాయిన బూడిద మీద పడి ఏడ్చిండు. నేను చూసిన."

"నువ్వు వాని మనిషివి" అన్నాడు బీరయ్య.

ఇంటికొచ్చి చాప ముందు కూర్చుంది గాని, చేయి ఆడలేదు. ఎంత చెప్పినా చెవికెక్కడం లేదు. ఇక చెప్పి లాభం లేదనుకుంది.

గొర్రెల బొచ్చు కత్తిరించే పండుగ వచ్చింది. రెండు వైపులవాళ్లూ కర్రలతో ఎండిన ఏటి ఇసుకలోకి దిగారు. ఒక్క మాట తూలితే తలలు పగిలేట్టున్నాయి. అప్పుడు నడుమకొచ్చింది నాంచారవ్వ. చచ్చిపోయిన ముసలాయన గొంగడి కప్పుకుంది. ఆయనలాగే కాలీడ్చింది. ఆయనలాగే దగ్గింది. ఇసుకలో వాలిపోయి, ఆయన గొంతుతోనే అడిగింది.

"చిన్నోడా, అన్న వచ్చిండా?"

జనం కొయ్యబారిపోయారు. పిల్లలు తల్లుల వెనక దాక్కున్నారు.

"చిన్నోడా, అన్న వచ్చిండా?"

"ఆపవ్వా!" అని ఓదెలు అరుస్తూ ముందుకొచ్చాడు. "వాడు నాయినకేం చెప్పిండో నీకేం తెలుసు?"

ఆమె లేవలేదు. అతని చేయి పట్టుకుని, అతన్నే తమ్ముణ్ని చేసి, మూడోసారి అడిగింది. "చిన్నోడా, అన్న వచ్చిండా?"

ఆ కళ్లలోకి చూస్తే లేడని చెప్పడానికి ఓదెలుకు నోరు రాలేదు. "వస్తున్నడు నాయినా. ఏరు దాటుతున్నడు" అన్నాడు. అని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అవతలి గుంపులోంచి బీరయ్య గొంతు వినబడింది. "నేను గూడ నాయినకు అదే అబద్ధం చెప్పిన అన్నా."

మళ్లీ బీరయ్యే అడిగాడు. "మరి అంత అరిస్తే ఎందుకు రాలే?"

అవ్వ లేచింది. "నువ్విప్పుడు అన్నవు. పోయి అవతలి గట్టున నిలబడు" అంది బీరయ్యతో. ఓదెలును ఇవతలి గట్టుకు పంపింది. ఊరి వైపు తిరిగి, "మీరంతా ఏరు. పొంగుండ్రి" అంది.

ముందు ఎవరో ముసలామె సన్నగా హోరు మొదలుపెట్టింది. తర్వాత పిల్లలు, తర్వాత మగవాళ్లు, చివరికి రెండు వైపులవాళ్లూ. ఊరంతా ఏరై పొంగింది. ఓదెలు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని "అన్నా! నాయిన పోతుండు!" అని నరాలు తెగేలా అరిచాడు.

అవతలి గట్టున బీరయ్యకు అన్న నోరు తెరుచుకోవడం కనబడింది. అంతే. మాట చేరలేదు.

"ఏం వినబడలే" అన్నాడు. ఇసుక మీద పరుగెత్తుకొచ్చి అన్నను వాటేసుకున్నాడు. "అన్నా, నీకు ఏం వినబడలే!"

హోరు ఆగింది. ఎన్నాళ్లుగానో బిగబట్టిన ఊపిరి ఊరంతా ఒక్కసారి వదిలింది. కర్రలు పందిరి గుంజలయ్యాయి. వంట పొయ్యిలు వెలిగాయి. ఇద్దరు కొడుకుల నడుమ కూర్చుని అవ్వ కడుపునిండా తింది. "మళ్లా ఎప్పుడు జేస్తవవ్వా?" అని పిల్లలు వెంటపడితే నవ్వింది.

మరుసటి పండుగకు మళ్లీ చేసింది. ఆపై ఏడాది ఆటలో ఓదెలు రాజయ్యాడు, బీరయ్య దొంగయ్యాడు. అవ్వ ముసలిదై కన్నుమూసినా ఆట ఆగలేదు. అదే ఊరూరా పాకి నాటకమైందని ఆ ఏటి వాళ్ల నమ్మకం.

ఇప్పటికీ అక్కడ ఆట మొదలయ్యే ముందు చూడవచ్చినవాళ్లంతా కలిసి ఏరులా హోరు పెడతారు. వేషగాడు అడుగు పెట్టగానే ఆపేస్తారు. ఎందుకాపారని చంటిపిల్లలు అడిగితే, ఒళ్లో కూర్చోబెట్టుకుని చెవిలో మెల్లగా చెబుతారు.

"ష్! ఇప్పుడు వినబడుతది."