వాచీ అడిగిన మాట

హంపన్నకు మామూలుగానే ముక్కు మీద కోపం. ఆ రోజు అది నెత్తికెక్కింది.

మరి ఎక్కదా? పరుగులో జతగాడైన ఇలియాజ్, పరుగు లెక్కగట్టే వాచీ చేతికి కట్టుకుని, స్కూటర్ మీద నింపాదిగా తుంగభద్ర కట్ట చుట్టి వచ్చాడు. వాచీ అదంతా పరుగు కిందే రాసుకుంది. ఫోన్లో పరుగు కుర్రాళ్ల గ్రూపు తెరిస్తే వాడి పేరు అందరికంటే పైన. దాని కింద హంపన్న పేరు. గ్రూపంతా వాడికే చప్పట్లు.

హంపన్న పళ్లు నూరుకుంటూ గురువు దగ్గరికొచ్చాడు. ఖాదర్ బాషా సార్ కుర్రాళ్లకు పరుగు నేర్పుతూనే జుట్టు నెరిసిన మనిషి. మైదానం పక్క అరుగు మీద కూర్చుని తెగిన బూటు కుడుతున్నారు. బూటు హంపన్నదే. పొద్దున ఆ స్కూటర్ సంగతి తెలిసిన కోపంలో విసిరికొట్టి పోయాడు.

“వాణ్ని గ్రౌండ్లోంచి తరిమేయండి సార్! పచ్చి దొంగ!”

“కూర్చో. ఈపొద్దు పరిగెత్తినావా?”

“యాడ పరిగెత్తేది సార్? కాలు ముందుకు పడితే గదా! వాని సంగతి తేలేదాకా నేను పరిగెత్తను.”

“ఎల్లుండే గదప్పా జిల్లా జట్టుకు ఎంపిక. సంవత్సరమంతా దానికోసమే గదా చచ్చినావు.”

“పోతే పోనీండి!”

గురువు సూదిలోకి దారం ఎక్కించారు. “సరే. ఏం జరిగిందో మొదట్నుంచి చెప్పు.”

చెప్పాడు. స్కూటర్ గురించి, చప్పట్లు కొట్టినవాళ్ల గురించి, వాడి ఇకిలింపు గురించి.

“ఇంకా?”

చెప్పిందే మళ్లీ చెప్పాడు. గొంతు పెరిగింది. పిడికిలితో అరుగును బాదాడు. ఒళ్లు భగ్గున మండిపోతోంది. న్యాయం తన వైపున్నా ఒక్కడూ పలకకపోతే ఎవరికి మండదు?

“ఇంకా?”

“ఇంకేముంది సార్! అబద్ధం! ఒక్క అడుగు వెయ్యకుండా పరిగెత్తినానని చెప్పుకుంటాడా...”

మణికట్టు మీద వాచీ జుయ్‌మంది. హంపన్న విసుగ్గా దాన్ని చూసి తల తిప్పుకున్నాడు.

“ఏమంటోంది?” అడిగారు గురువు.

“ఏం లేదు సార్. గుండె జోరుగా కొట్టుకుంటోందంట. పరుగు మొదలుపెట్టినారా అని అడుగుతోంది.”

“అడిగినప్పుడు జవాబు చెప్పాల గదా.”

తెర మీద అవును, కాదు అని రెండే మాటలు. హంపన్న వేలు ‘కాదు’ మీదికి పోయింది.

గురువు దారాన్ని పంటితో తెంపి, బూటు అతని పాదం పక్కన పెట్టారు.

“పొద్దుట్నుంచి ఆ స్కూటర్ వెనకాలే గదా పరిగెత్తుతున్నావు. అబద్ధం మాత్రం చెప్పొద్దు నాయనా.”

వేలు అక్కడే ఆగిపోయింది.