నడిపొద్దు నీళ్ల ఓబుళక్క

లోకానికి వెలుగిచ్చే సూర్యనారాయణునికి నమస్కారం. ఆ వెలుగు కాల్చిన నేలను చల్లార్చే గంగాభవానికి నమస్కారం. నోరులేని జీవుల ఆకలి ఎరిగిన చేతులకు నమస్కారం. ఈ మూడు నమస్కారాల తరువాత చెప్పబోయేది ఎర్రమిట్ట ఓబుళక్క కథ. పిల్లలు ముందుకు జరగండి, పెద్దలు గోడకు ఆనుకోండి.

అనగా అనగా, మన తాతల తాతలు ఉగ్గుపాలు తాగే కాలాన, ఎర్రమిట్ట అనే ఊరు. ఆ ఊళ్లో కోళ్లకు గూడే గాని కంచె లేదు. పగలంతా దిబ్బల మీద, కళ్లాల వెంట స్వేచ్ఛగా తిరిగేవి. నడిపొద్దున ఇంటింటా ఒక ఆచారం. ఇంటివాళ్లు ముద్ద నోట పెట్టకముందే గడప బయట గుప్పెడు జొన్నలు చల్లాలి. దాని పేరు గడపగింజ. "బో... బో... బో..." అని ఊరంతా ఒక్కసారి పిలిస్తే, తొలివాన చినుకుల్లాగా కోళ్ల కాళ్ల చప్పుడు. ఆ చప్పుడు విన్న చెవులు ధన్యం.

ఓబుళక్కకు ముందూ వెనుకా ఎవరూ లేరు. ఒక పూరిపాక, ఒక రోలు, పన్నెండు కోళ్లు. అదే ఆమె సంసారం. ఒక వేసవిలో కోళ్లు నోళ్లు తెరిచి రొప్పుతుంటే ఆకలి అనుకుంది. గుప్పెడు గడపగింజను మూడు గుప్పెళ్లు చేసింది. తిన్నవి తిన్నట్టే ఒరిగిపోయాయి. చచ్చిన పెట్టను ఒడిలో వేసుకుని తడిమింది. గొంతు కింది మేతసంచి గింజలతో బిగిసి రాయిలా ఉంది. ఒళ్లు పెనంలా కాలుతోంది. మేతకు రాకుండా గాదె కింద చల్లని దుమ్ములో పడుకున్న బూడిదపెట్ట ఒక్కటే మిగిలింది.

"ఆకలి కాదే తల్లీ, ఉడుకు. ఉడుకు మీద మేత పెట్టి నా చేత్తోనే చంపుకుంటినే" అని ఓబుళక్క పొద్దుగూకేదాకా ఏడ్చింది.

బూడిదపెట్ట పొదిగితే మళ్లీ పన్నెండయ్యాయి. మళ్లీ వేసవి వచ్చింది. ఈసారి పొద్దు పొడవకముందు నానిన సద్దగింజలు పెట్టింది. పొద్దు నడినెత్తిన ఉంటే పలుచని మజ్జిగనీళ్లు పెట్టింది. పొద్దు వాలాక మళ్లీ సద్దలు పెట్టింది. నడిపొద్దున మాత్రం ఆమె గడప ముందు గింజ పడలేదు.

పక్కింటి పుల్లక్క అది చూసింది.

"ఏం ఓబుళక్కా, గింజలు దాచి ఎవరి పెండ్లికి వండుతావు?"

"ముందు కోళ్లు బతకనీ పుల్లక్కా. పెండ్లి సంగతి తరవాత."

"నా ఎనిమిదింటికీ మూడుపూటలా పెడతాండా. నీ మాదిరి కడుపు మాడ్చన్లే!"

మాట ఊరిపెద్ద కొండన్న చెవిన పడింది. చేతికర్రతో వచ్చి పాక ముందు నిలబడ్డాడు.

"గడపగింజ ఆపితే ధాన్యలక్ష్మి అలుగుతుంది ఓబుళా. మూడు దినాలు చూస్తాం. నీ కోళ్లల్లో ఒక్కటి ఒరిగినా ఆ తల్లి కోపమే అనుకుంటాం. ఆపైన ఊరిబావిలో నీ కడవ మునగకూడదు."

ఎండాకాలంలో బావి మూసుకుంటే ఊరు మూసుకున్నట్టే. ఓబుళక్క తల వంచింది గాని, గింజల కుండ మూత తీయలేదు.

మొదటిరోజు వడగాలి వీచింది. పుల్లక్క ఇంట రెండు కోళ్లు ఒరిగాయి. రెండోరోజు వడగాలి వీచింది. మరి మూడు ఒరిగాయి. ఊళ్లో ఏ ఇంట చూసినా అదే తీరు. "ఓబుళక్క చేసిన పాపం ఊరికి తగిలింది" అన్నారు జనం. మూడోరోజు నడిపొద్దున పుల్లక్క ఇంట ఇంకో రెండు పోయాయి. ఓబుళక్క వాకిట బూడిదపెట్ట పక్కకు ఒరిగింది.

జనం మూగారు. "గుప్పెడు గింజలన్నా వెయ్యి, పాపం!" అని అరిచారు.

ఓబుళక్క చెయ్యి గింజల కుండ దాకా పోయింది, వెనక్కు వచ్చింది. మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. మూడోసారి ఆ చెయ్యి నీళ్ల కడవలో మునిగింది. పెట్ట కాళ్లు తడిపింది, జుట్టు తడిపింది, తడిగోనె మీద పడుకోబెట్టింది. సూర్యునికి వీపు పెట్టి, తన నీడ దాని మీద పడేలా కూర్చుంది. కదల్లేదు, మెదల్లేదు.

పొద్దు వాలింది. గాలి మెత్తబడింది. బూడిదపెట్ట తలెత్తి ముక్కు నీళ్లలో ముంచింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. లేచి రెక్కలు దులుపుకుంది. అప్పుడు ఓబుళక్క సద్దలు చల్లి "బో... బో... బో..." అంది. పన్నెండూ వచ్చాయి.

"మరి ఆచారం సంగతేందమ్మా?" అన్నాడు కొండన్న, గొంతు తగ్గించి.

"నేను గింజ మానలేదన్నా. పూట మార్చినా. చచ్చినవాటి గొంతు కింద తడిమి చూడండి."

పుల్లక్క తన కోడిని తడిమింది. తడిమి కూలబడింది. "బిడ్డ ఏడిస్తే పెట్టినట్టు పెడితినే ఓబుళక్కా!"

"నేనూ అట్లే పెడితిని పుల్లక్కా. ఏదీ, మిగిలినదాన్ని ఇట్లా తే" అని ఓబుళక్క ఆ చివరి కోడిని తన ఒడిలోకి తీసుకుంది. కొండన్న తానే బావికి పోయి ఒక కడవ తోడుకొచ్చాడు.

ఓబుళక్క ఏనాడో పోయింది. పాక పోయింది, సమాధి లేదు. కాని నేటికీ ఆ సీమలో ఉగాది దాటితే గడపగింజ పొద్దు పొడవకముందే పడుతుంది. నడిపొద్దున గడప ముందు మట్టిమూకుడు నిండా నీళ్లు పోసి "ఓబుళక్క పాలు" అంటారు. తెలియని పసివాడెవడైనా ఆ వేళ గుప్పెట గింజలతో పరుగెత్తితే, అవ్వ మణికట్టు పట్టుకుని "ఆగు నాయనా, ఓబుళక్క చూస్తాంది" అంటుంది.

ఈ కథ విన్నవారి గాదెలు నిండుగా ఉండుగాక. వారి బావులు తడిగా ఉండుగాక. వారి ప్రేమకు వేళ ఎరిగే వివేకం తోడగుగాక.