ఆరుబయలమ్మ తల్లి, పట్టాల పక్క పాకలు

గెడ్డవలస హాల్టులో దిగి పట్టాల వెంబడి కాస్త నడిస్తే పాత చెక్క స్లీపర్లు, రేకు ముక్కలు, టార్పాలిన్లతో అల్లిన పాకలు కనిపిస్తాయి. ఆరుబయలమ్మ గుడి అంటే ఇవే. కొత్తవారు లోపలికి తొంగిచూసి "విగ్రహమేదీ?" అంటారు. లోపల ఉండదు. అమ్మవారు బయటే, పసుపు పూసిన నల్లరాయి రూపంలో, ఎండకూ వానకూ కొలువై ఉంటుంది. తల్లిని బయట ఉంచడం అపచారం కాదా అనేవారు ఈ కథ వినాలి.

పూర్వం ఇక్కడ రైలు దారి వేసే రోజుల్లో, మట్టి తవ్వుతున్న కూలి మనిషి పోలమ్మ గునపానికి ఈ రాయి తగిలింది. రాతి నుదుట ఎర్రని చార చూసి అందరూ చేతులెత్తి మొక్కారు. మిగిలిన స్లీపర్లు నిలబెట్టి, తాటాకు కప్పి అమ్మకు పాక వేశారు. తాము మాత్రం చెట్ల కిందే పడుకున్నారు. పాకలో దీపం పెట్టే పోలమ్మ తప్ప మరెవరూ అడుగుపెట్టరాదని మేస్త్రీ లక్కునాయుడు కట్టడి చేశాడు.

ఒక శ్రావణంలో జడివాన పట్టింది. పోలమ్మ చెల్లెలు గవరమ్మకు రైలు కట్ట మీదే పురిటి నొప్పులు మొదలయ్యాయి. ఆ పాకలో తప్ప మరెక్కడా పొడినేల లేదు.

పోలమ్మ ఆమెను అటు నడిపించబోతే మేస్త్రీ అడ్డం నిలిచాడు. "పురిటి మనిషిని అమ్మ పక్కన పెడతావేటే? తల్లికి కోపమొస్తే మనమెవరం మిగలం!"

"అయితే ఇద్దరిలో ఒకరే ఉండాలేటి బావూ?"

"ఒకరే!"

"అమ్మ తడిసినా అమ్మేను. గవరమ్మ తడిసిందంటే దక్కదు. తప్పుకో."

పోలమ్మ రాయిని గుండెకు హత్తుకుని తెచ్చి వానలో దింపింది. చెల్లెల్ని లోపల పడుకోబెట్టింది. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

వాన వెలిశాక అమ్మను లోపలికి తేబోతే రాయి కదలలేదు. మగవాళ్లంతా కలిసి గునపాలు వేసినా కదలలేదు. "చెప్పానా?" అన్నాడు మేస్త్రీ. తల్లి తన మీదే అలిగిందనుకుని పోలమ్మ అన్నం మానేసి అక్కడే కూర్చుండిపోయింది. మధ్యాహ్నం కునుకు పట్టగా అమ్మ కలలో కనిపించింది.

"పిచ్చిదానా, వాన నాకు కొత్తా? చెట్ల కింద మీరు తడుస్తుంటే లోపల నాకు ఊపిరాడలేదు. నా మీద కప్పు వెయ్యకండి. వేస్తే మనుషులకు వెయ్యండి."

నాటి నుంచి తల్లి ఆరుబయలమ్మ అయింది. ఆ పాక పక్కనే మనుషుల కోసం మరిన్ని పాకలు లేచాయి. మొక్కు తీరినవారు చీరా సారే తేరు. ఒక రేకో, నాలుగు తాటాకులో, టార్పాలిన్ ముక్కో తెచ్చి పాకలకు కడతారు. అందుకే అవి ఇన్ని అతుకులతో ఉంటాయి. ఏ పాకకూ తలుపు లేదు. తడిసి వచ్చినవారిని నువ్వెవరని అడగరాదు. ఇక్కడ కప్పు వేసినవారి ఇంట పురుళ్లు సుఖంగా జరుగుతాయని నమ్మకం.

వానలో హారతి ఆరిపోతే దోషం లేదు. లోపల అందరికీ చోటు దొరికిందా అని చూసుకున్నాకే మళ్లీ వెలిగిస్తారు.