సుంకికి చెప్పినట్టు చెప్పకమ్మా

ఏ రాజు ఏలాడో అడక్కండి. ఏ ఏడో అసలే అడక్కండి. ఎప్పుడో, ఎక్కడో, సుంకి అని ఒక మేదరామె ఉండేది. తట్టలల్లి బతికేది. ఒక ఏడు కొండమీద వెదురు పూసింది. పూసిన వెదురు చచ్చింది. వెదురుతో పాటే సుంకి పనీ చచ్చింది. మొగుడు అంతకుముందే పోయాడు.

ఊరి పెద్దరెడ్డి దగ్గరికి పోయింది. "అయ్యా, నా గుడిసె పక్కనున్న బీడు ఇప్పించండి. ఏదో ఒకటి పండించుకుంటా."

"మిరప వెయ్యి. ఉగాదికి కాయ చూపిస్తే బీడూ నీదే, గుడిసే నీదే. చూపించలేదా, ఊరు దాటు" అన్నాడు రెడ్డి.

సుంకి చేతులకు బద్దలు చీల్చడం తెలుసు. మట్టి తెలీదు. తెలీనిది తెలిసినవాళ్లను అడగాలనుకుంది పిచ్చిది. ఆ బీడు మీద ముగ్గురు ఆసాముల పెళ్లాలకు కన్నుందని దానికేం తెలుసు?

మొదట చెంగమ్మ దగ్గరికి పోయింది. "అమ్మా, మిరపకు ఏ మన్ను మంచిది?"

చెంగమ్మ నారుకట్ట చేతిలో పెట్టి, నవ్వు బిగబట్టి, "ఏటి పక్కన తెల్లగా పొర కట్టి ఉంటుంది చూడవే, ఆ మన్ను పొయ్యి. మిరపకు వెన్నపూసే అది" అంది.

అది చవుడు, ఉప్పు తేలిన మన్ను. సుంకి తట్టలకొద్దీ మోసింది. ఆకులు అంచుల్నుంచి మాడాయి. మొక్కలు చచ్చాయి. గట్టు మీద నిలబడి ముగ్గురూ నవ్వారు.

చవుడంతా ఎత్తిపోసి, మళ్లీ నారు కోసం వీరనాగమ్మ దగ్గరికి పోయింది. "అమ్మా, ఎరువేం వెయ్యాలి?"

"అప్పుడే వేసిన పేడ, పొగలు కక్కే పేడ, మొక్కల మొదళ్లలో దట్టించవే. పసిబిడ్డకు వేడిగానే కదా పెడతాం!"

వేళ్లు కాలాయి. మొక్కలు చచ్చాయి. ముగ్గురూ నవ్వారు.

ఇంకోసారి నారు కోసం బాలక్క దగ్గరికి పోయింది. "అమ్మా, నీళ్లెన్ని పొయ్యాలి?"

"వరిమడిలా నిలగట్టవే. దాహంతో చస్తున్నాయి పాపం."

వేళ్లు కుళ్లాయి. మొక్కలు చచ్చాయి. ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వారు.

సుంకి ఇక మనుషుల్ని అడగలేదు. ఊరి పెంటకుప్ప అంచున, ఎవరూ నాటని మిరపమొక్క ఒకటి నిగనిగలాడుతూ కనబడింది. పక్కన కూర్చుని వేళ్లతో తవ్వింది. ఎర్రమన్ను, కాస్త ఇసుక, మాగి మాగి పొడిగా రాలే పాత ఎరువు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పేడ వాసనే లేదు. నీళ్లు పోస్తే నిలవలేదు, దిగిపోయాయి.

"నిన్ను ముందే అడగాల్సింది గదే తల్లీ" అంది మొక్కతో.

దాని పండుకాయల గింజలే నారు పోసింది. ఆ మన్నులాంటి మన్నే కలిపింది. మొక్కలు మోకాలెత్తు లేచాయి. ఉగాది వచ్చేసరికి మడంతా తెల్లటి పూత.

రెడ్డి వచ్చాడు. "కాయేదీ?"

"పూతొచ్చిందయ్యా. ఇంకొక్క పక్షం ఆగండి."

"పూతను రోట్లో వేసి నూరుకుంటామా ఏం?" అంది చెంగమ్మ.

రెడ్డీ నవ్వాడు. గుడిసె విప్పించాడు.

సుంకి పొలిమేర దాటింది గానీ, మడి కనబడనంత దూరం పోలేదు. ఎండలో, ఒక బండకు చేరగిలబడి చూస్తూ కూర్చుంది. పిందె దిగింది. కాయ ముదిరింది. కాయ ఎర్రబడింది. కోతకు వచ్చినవాళ్లు చూస్తే, సుంకి కళ్లు మడివైపే ఉన్నాయి. ప్రాణం మాత్రం లేదు.

కాయలు ముగ్గురూ పంచుకున్నారు. బీడు చెంగమ్మకు దక్కింది. శాపం తగిలిందా అని అడుగుతారు పిల్లలు. ఏ శాపమూ తగల్లేదు. కారం నూరి, నెయ్యేసుకుని తిన్నారు, శుభ్రంగా అరిగించుకున్నారు.

జరిగింది వేరు. మరుసటేడు చెంగమ్మ కొత్తకోడలు మిరప వెయ్యబోతూ, "ఏ మన్ను పొయ్యాలత్తా?" అంది. చెంగమ్మ ఉన్నది ఉన్నట్టే చెప్పింది. కోడలు కదల్లేదు.

"ఇది నాకు చెప్పే మాటా, సుంకికి చెప్పిన మాటా?"

చెంగమ్మ ఒట్లు పెట్టింది. కోడలు నమ్మలేదు. వీరనాగమ్మను కన్నకూతురు నమ్మలేదు. బాలక్కను సొంత చెల్లెలు నమ్మలేదు. చివరికి చెంగమ్మ వంగి, మంచి మన్ను, మాగిన ఎరువు తన చేత్తో తన మొక్కలకే వేసుకుని చూపిస్తే గాని కోడలు పార పట్టలేదు.

ఇప్పటికీ ఆ వైపు ఊళ్లలో మిరపనారు ఊరికే చేతిలో పెట్టరు. ఇచ్చే మనిషి ముందు తన పాదులో గుప్పెడు మన్ను, గుప్పెడు ఎరువు వేసి చూపాలి. తీసుకునే మనిషి ఆ చేతుల్నే కనిపెట్టి చూస్తూ, "సుంకికి చెప్పినట్టు చెప్పకమ్మా" అంటుంది.

సుంకికి గుడి లేదు, రాయి లేదు. ఆ బీడు ఇవాళ్టికీ చెంగమ్మ వంశం వాళ్లదే. ఏటేటా విరగకాస్తుందట.