గుంటకు రెండో బంతి లేదు

సుద్దగుట్ట కింద మఠం పెట్టుకున్న బీరయ్య గురువుకు ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏం అడిగినా వెంటనే జవాబు చెప్పేవాడు కాదు, ముందు ఏదో ఒక పని చెప్పేవాడు. దేవుడున్నాడా అని అడిగిన ఒక పెద్దమనిషిని గొర్రెలకు నీళ్లు పెట్టి రమ్మన్నాడట. ఆయన చెమటలు కక్కుతూ పని ముగించుకొని వచ్చి, అడిగిన సంగతే మరిచిపోయి చల్లగా మజ్జిగ తాగి పోయాడని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకొని నవ్వుకుంటారు.

మఠమంటే ఏదో గొప్పగా ఊహించుకునేరు. రేకుల కొట్టం, దాని ముందు చదును చేసిన నేల, మూలకు గొర్రెల దొడ్డి, అంతే. వానొస్తే తత్వాలు పాడేవాళ్ల గొంతు వాళ్లకే వినిపించదు. కాని ఏటా బీరయ్య గురువుకు గురువైన రాజవ్వ ఆరాధన నాడు చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడికే కదిలేవి. ఎందుకంటే రాజవ్వ బతికుండగా మొదలుపెట్టిన గుంటను ఆమె పోయాక ఆనాడే అక్కడ పెట్టేవారు.

ఆ గుంట సంగతి చెప్పకపోతే కథ ముందుకు సాగదు. చీకటితోనే నేల తవ్వి, అడుగున రాళ్లు పరిచి, తుమ్మ మొద్దులు వేసి మంట పెడతారు. మొద్దులు కణకణలాడే నిప్పులయ్యాక బూడిద పక్కకు లాగి, పసుపు, ఉప్పు, అల్లం, వెల్లుల్లి, ఎండుమిరప కారం దట్టించిన పొట్టేలు మాంసాన్ని మోదుగాకుల్లో చుట్టి దాని మీద పెడతారు. పైన మళ్లీ ఆకులు, తడి గోనె, మన్ను. ఇక దాని జోలికి పోరు. ఆ మాంసం ఉడకదు, వేగదు, పండుతుంది. రాజవ్వ నాటి నుంచి అక్కడ ఆ మాటే. గుంట దగ్గర కూర్చున్నవాళ్లు ఎంత ఆకలైనా 'పండిందా' అని అడగకూడదు. పైన మన్ను నెర్రె బారి, సన్నగా ఆవిరి లేచి, వాసన తానే వచ్చి చెప్పాలి.

ఒక్క మాంసమేనా? మఠంలో వంట చూసే అంజవ్వ చేతి మక్క గటక, అంటే మక్కజొన్న రవ్వ సంకటి, ఉండేది, వెన్న వేస్తే వెన్న కరిగేలోపు నోరు కరిగేది. ఉడకబెట్టి పోపు వేసిన బొబ్బర్ల గుడాలు, ఉల్లిపాయతో దంచిన పుంటికూర అనే గోంగూర తొక్కు, కాల్చిన మిరపకాయలు పిసికిన పచ్చిపులుసు. మాంసం కోసం వచ్చామంటారు గాని, ఆ పచ్చిపులుసు రెండోసారి పోయించుకోని మొగాణ్ని నేను చూడలేదు. ముక్క ముట్టనివాళ్లు కూడా వచ్చేవారు. గటక, గుడాలు తిని కడుపు నిమురుకుంటూ పోయేవారు.

అసలు సంగతి ఇంకొకటుంది. గుంట ఒకసారి విప్పితే వేడి నిలవదు, అప్పుడే తినాలి. కాబట్టి అందరూ ఒకటే వరుసలో, ఒకటే బంతిలో కూర్చోవాలి. పెద్దల విందుల్లో మొదటి బంతి ఎవరిదో, ఎండలో నిలబడి ఎదురుచూసే రెండో బంతి ఎవరిదో మన పల్లెల్లో విడమరిచి చెప్పనక్కర లేదు. రాజవ్వ దాని మీద ఉపన్యాసాలు ఇవ్వలేదు. గుంట తవ్వించింది. తినాలనుకున్నవాడు వచ్చి వరుసలో కూర్చున్నాడు, వద్దనుకున్నవాడు వాసన పీల్చుకుంటూ ఇంటికి పోయాడు.

ఇక దత్తాద్రి. బీరయ్య శిష్యుల్లో మఠం మీద అందరికంటే ప్రేమ ఉన్నవాడు అతనే. కష్టజీవి, గొంతున్నవాడు. కాని కొన్నేళ్లుగా అతనికి ఒకటే దిగులు. మఠానికి మంచి కప్పు లేదు, పట్నంలో పేరు లేదు, పై ఊళ్లవాళ్లు 'ముక్కల మఠం' అని వెక్కిరిస్తున్నారు. అతనే ముందు మాంసం మానేశాడు. తర్వాత పట్నంలోని ఒక పెద్ద పీఠం చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. చివరికి పీఠం కార్యదర్శి వామనరావు గారు కరుణించి, స్లాబు హాలు కట్టిస్తాం, మీ మఠాన్ని మాలో కలుపుకుంటాం అన్నారు. ఒకటే షరతు, ఆ గుంట పూడ్చాలి. దత్తాద్రి గురువును అడగకుండానే సరేనన్నాడు. ఆరాధన నాడు నేనే వచ్చి చూసి కాగితాల సంగతి తేలుస్తానన్నారు వామనరావు గారు.

ఆ మాట గురువుకు ఎలా చెప్పాలో తెలియక దత్తాద్రి నలిగిపోయాడు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు, బీరయ్య దగ్గరుండి మాంసం తప్పనడం ఎట్లా? చివరికి ఆరాధనకు ముందునాడు సాయంత్రం ధైర్యం చేసి, పెద్దమనిషిలా గొంతు సవరించుకొని ప్రశ్న రూపంలో కదిపాడు.

"గురువా, నాలుకను గెలువనోడు మనసును గెలుస్తడా?"

బీరయ్య గొర్రెపిల్ల కాల్లో ముల్లు తీస్తున్నాడు. తల ఎత్తలేదు.

"గుంట తవ్వు. పండినంక చెప్త."

దత్తాద్రి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. తవ్వనంటే గురుద్రోహం, తవ్వితే హాలు పోతుంది. వామనరావు గారు పెద్ద ఇంటివాళ్లు, సాయంత్రానికి గాని కదలరు, అప్పటికి అంతా తినేసి ఊడ్చేసుకోవచ్చని మనసుకు సర్ది చెప్పుకొని, తెల్లారకముందే గడ్డపార అందుకున్నాడు. పాపం, తవ్వడం మాత్రం బాగా తవ్వాడు. నిప్పులు కూడా మనసు పెట్టి పేర్చాడు. మాంసం ఆకుల్లో చుడుతుంటే ఆ కారం వాసనకు నోట్లో నీళ్లూరాయి. పుక్కిలించి ఉమ్మేశాడు.

పొద్దు నడినెత్తికి రాకముందే కొట్టం ముందర కారు ఆగింది.

వామనరావు గారు పట్టుపంచెతో దిగారు. జనం గుంట చుట్టూ మాటా పలుకూ లేకుండా కూర్చుని ఉన్నారు. మధ్యలో పసుపు చల్లిన మట్టిదిబ్బ, పక్కన బూడిద కుప్ప, సన్నటి పొగ. ఆయన ముఖం వెలిగింది. ఇదేమిటి నాయనా అని అడిగారు. అప్పుడు దత్తాద్రి నోట వచ్చిన మాట ఎక్కడి నుంచి ఊడిపడిందో అతనికే తెలియదు.

"హోమగుండం అండీ. పూర్ణాహుతి అయింది, మన్ను కప్పినం."

ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్న రకం కాదు వామనరావు గారు. నిజమైన భక్తి ఉన్న మనిషి. అందుకే ఆయన చెప్పులు విప్పి, చేతులు జోడించి గుంట చుట్టూ ప్రదక్షిణం చేశారు. వంగి ఆ బూడిద తీసుకొని నుదుట పెట్టుకున్నారు. గాలి ఎగబీల్చి, ఏ మూలికలు వేశారో గాని దివ్యమైన సువాసన అన్నారు. అంజవ్వ కొంగు నోట్లో కుక్కుకొని అటు తిరిగింది. దత్తాద్రికి నేల చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది. కొట్టం అరుగు మీద కూర్చున్న బీరయ్య అంతా చూశాడు, అంతా విన్నాడు.

మంచం వేసి కూర్చోబెట్టాక వామనరావు గారు హాలు సంగతి ఎత్తుకున్నారు. ఉత్సాహంగా లేచి చేయి చాపి, సరిగ్గా గుంట ఉన్నచోటే భోజనశాల వస్తుందని చూపించారు. నున్నటి బండలు, ఫ్యాన్లు, నీళ్ల కుళాయిలు. దత్తాద్రి ప్రాణం లేచి వచ్చింది. తను చెప్పిన అబద్ధం చిన్నదనీ, వచ్చే పుణ్యం పెద్దదనీ అనిపించసాగింది. అంతలో ఆయన అదే ఊపులో ఇంకో మాట కలిపారు.

"మొదటి బంతి పీఠం నుంచి వచ్చే పెద్దలకి, దాతలకి. ఊరివాళ్లకి రెండో బంతి. ఎవరికీ తక్కువ చెయ్యం నాయనా, కడుపునిండా పెడతాం."

ఆయన మనసులో ఏ కల్మషమూ లేదు. రోజూ చేసే ఏర్పాటే చెప్పారు. కాని దత్తాద్రికి చెవుల్లో సీసం పోసినట్టయింది. అతనికి తండ్రి గుర్తొచ్చాడు. దొరల ఇంటి పెళ్లిళ్లలో సొంత గ్లాసు చంకలో పెట్టుకొని, గోడ నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ, రెండో బంతి కోసం నిలబడ్డ తండ్రి. గంగాళం అడుగు గీకి పోసిన చల్లటి పులుసు. ఆ తండ్రి చేయి పట్టుకొనే దత్తాద్రి చిన్నప్పుడు మొదటిసారి ఈ గుంట దగ్గరికి వచ్చాడు. రాజవ్వ వాళ్లిద్దరినీ అందరితో కలిపి వరుసలో కూర్చోబెట్టి ఆకులో వేడి ముక్క వేసింది. తండ్రి వేలు చురుక్కుమని కాలింది. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియని ముఖంతో "ఇయ్యాల కూర కాలుతున్నదిరా" అన్నాడు. విందులో వేడి కూర తినడం ఆయనకు అదే మొదలు. ఇన్నేళ్లూ ఈ మాట ఎక్కడ పాతిపెట్టాడో గాని, ఇప్పుడు దత్తాద్రికి కళ్లు మండాయి.

అదే సమయానికి గుంట మీద మన్ను చిట్లింది. నెర్రెలోంచి ఆవిరి లేచింది. తుమ్మ పొగ, కాలిన మోదుగాకు, కొవ్వు కరిగి కారంలో కలిసిన వాసన, అన్నీ ఒక్కసారి జనం మీదికి వచ్చాయి. ముసలివాళ్లు కూడా నిటారుగా కూర్చున్నారు.

అప్పుడు బీరయ్య అరుగు దిగి వచ్చాడు. ఎవరూ అడగకూడని మాటను, ఇన్నేళ్లలో మొదటిసారి, గురువే అడిగాడు.

"దత్తాద్రీ, పండిందా?"

జనం నివ్వెరపోయారు. వామనరావు గారు అటూ ఇటూ చూశారు. దత్తాద్రి లేచి నిలబడ్డాడు. పండింది గురువా అన్నాడు. పండిందేమిటని వామనరావు గారు అడిగితే, ఆయన కళ్లలోకి చూస్తూనే చెప్పాడు. అది హోమం కాదు, పొట్టేలు. గుంట పూడుస్తానని మీకు మాటిచ్చింది నేనే. ఇందాక అబద్ధమాడింది కూడా నేనే. మా గురువుకు ఏ పాపమూ తెలియదు.

వామనరావు గారి చేయి తనంతట తానే నుదుటి మీదికి పోయింది. ఆయన కోపంతో ఎగరలేదు, అది ఆయన మర్యాద. చేతిరుమాలుతో బూడిద తుడుచుకొని దత్తాద్రిని పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పారు. ఇవాళ్టిది నేను చూడలేదనుకుంటాను. వచ్చే ఏడు నుంచి ఉండదని ఒక్క మాట అను, హాలు ఎక్కడికీ పోదు.

ఎన్నేళ్ల కలో అది. ఒక్క మాట చాలు. దత్తాద్రి కొట్టం రేకుల వైపు చూశాడు. తుప్పు పట్టిన చిల్లుల్లోంచి ఎండ కిందికి కారుతోంది. ఆ తర్వాత వరుస వైపు చూశాడు.

"మీ హాలు పెద్దదే అయ్యా. గాని దాంట్ల రెండో బంతి ఉన్నది. మా గుంటకు లేదు. గుంట పూడ్వం. ఈ ఏడు పూడ్వం, వచ్చే ఏడు పూడ్వం. మీరు ఆకలి మీదున్నరు, గటకున్నది, గుడాలున్నయి, ముక్క ముట్టకుంటనే తినొచ్చు. అయితే గీ వరుసలనే కూసోవాలె."

ఆయన వరుస వైపు ఒక్క క్షణం చూశారు. తినబుద్ధయిందో లేదో ఆయనకే తెలియాలి. చెప్పులు వేసుకొని కారెక్కి వెళ్లిపోయారు. హాలు కూడా ఆ కారులోనే వెళ్లిపోయింది.

గుంట విప్పారు. ఆకులు తీస్తుంటే మాంసం ఎముకను తానే వదిలేసింది. అంజవ్వ గటక మీద వెన్న పెడుతూ పోయింది, వెనకాలే పుంటికూర, ఆ వెనకాల పచ్చిపులుసు. ఊరంతా ఒకటే బంతి. చప్పరింపులు తప్ప మాటల్లేవు. దత్తాద్రి మాత్రం ఖాళీ ఆకు ముందు తల వంచుకు కూర్చున్నాడు. చేసిన పనికి విచారం లేదు, గుండె నిండా పొగరే ఉంది. కాని ఆ పొగరు కింద ఒక ముల్లు మిగిలింది. గురువు మాంసం గిన్నె పట్టుకొని తన దాకా వచ్చేసరికి అది ఆగలేదు. పండినంక చెప్తానన్నావు, నాలుకను గెలవనివాడు మనసును గెలుస్తాడా అని గుర్తు చేశాడు.

బీరయ్య గిన్నె కింద పెట్టి అతని ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఎవరికీ వినబడకుండా అన్నాడు.

"హోమమన్నది ఏ నాలుక బిడ్డా? ముక్క తిన్నదా, మానుకున్నదా?"