లోపలికి తిరిగిన చెప్పులు

మా గురువుగారి శిష్యులందరిలోకీ నేనే ముందువాణ్ణి. ఎంత గొప్పవాళ్ళైనా సరే, ఆయన దర్శనానికి వచ్చినవాళ్ళు మొదట నా ఎదుట తల వంచాల్సిందే. తల వంచకుండా చెప్పులు విప్పడం ఎవరివల్లా కాదు కదా! అవును, నా పదవి అదే. గురువారం సాయంత్రాలు మఠం వాకిట్లో చెప్పులకు కాపలా. మఠం అన్నానని గోపురాలూ గంటలూ ఊహించుకోకండి. సాలూరు ఊరి చివర ఒక రేకుల షెడ్డు, దాని ముందు మూడు మెట్లు, ఒక ఇనుప గేటు, అంతే.

మా గురువు కూర్మయ్యగారు ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి కాదు. ప్రశ్న అడిగితే ఏదో ఒక పని చెబుతారు. డిగ్రీ చేతికొచ్చిన ఊపులో నేను మొదటిసారి వచ్చినప్పుడు, “స్వామీ, నేనెవరిని?” అని గంభీరంగా అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, “ఆ చెప్పులు చిందరవందరగా ఉన్నాయి, కాస్త సర్దు” అన్నారు. రెండేళ్ళయింది. నేనెవరినో ఇంకా తెలియలేదు గానీ, ఎవరి చెప్పులు ఏవో మాత్రం చూడగానే చెప్పగలను. పైగా నా సర్దుబాటులో ఒక మర్యాద ఉంది. లోపల ప్రసంగం సాగుతుండగానే జతలన్నిటినీ వీధి వైపు తిప్పి పెడతాను. బయటికొచ్చినవాళ్ళు తడుముకోనక్కర్లేదు, మెట్టు దిగి పాదం మోపితే చాలు, ఇంటిదారి పట్టొచ్చు. ముసలివాళ్ళు దీనికి నన్ను దీవిస్తారు కూడా.

ఈ నా సామ్రాజ్యానికి ఒక శత్రువు పుట్టుకొచ్చాడు. పేరు త్రినాథ్, వయసు ఐదేళ్ళు. అమ్మమ్మ అప్పాయమ్మ వాణ్ణి వెంటబెట్టుకొచ్చి, తను లోపల కూర్చునేది. వీడు బయటే ఉండిపోయేవాడు. నేను వీధి వైపు తిప్పిన ప్రతి జతనూ వాడు గుమ్మం వైపు తిప్పేవాడు. వరస చివరిదాకా వెళ్ళి, వెనక్కి చూసి, ఒక్క జత కాస్త వంకరగా కనిపించినా మళ్ళీ మొదటి నుంచీ మొదలు. ఇదేదో ఆట అనుకుని నేనూ దిగాను. వాడు ఆ చివరన ఉండగా ఈ చివర ఒక జతను కాలి వేలితో నెమ్మదిగా తిప్పేశాను.

“అన్నియ్యా, నువ్వే తిప్పేసావు.”

“నాకేం పని బాబూ? వాటికే కాళ్ళొచ్చి తిరిగుంటాయి” అన్నాను.

వాడు నవ్వలేదు. నా వైపు చూసి, గొంతు తగ్గించి, “కాళ్ళొస్తాయా వాటికి?” అని అడిగాడు. అడిగి, పరుగున మొదటి జత దగ్గరికి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాడు. అప్పుడు చూశాను, వాడి పై పెదవి మీద చెమట. వాడు ఆడుకోవడం లేదు. ఆ రోజు నుంచి ఆ వేళాకోళం మానేశాను.

ఒక గురువారం వాడి తల్లి వచ్చింది. పేరు హైమావతి. కొండమీద ఏజెన్సీ ఆస్పత్రిలో నర్సు. భర్తతో ఏనాడో తెగిపోయింది. అక్కడ రాత్రి డ్యూటీలు, ఒంటిగది క్వార్టరు. అందుకని పిల్లవాణ్ణి తల్లి దగ్గర ఉంచి, రెండు వారాలకొకసారి పొద్దున్న వచ్చి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతుంది. ఆమె అందరిలోనూ లేచి నిలబడి గురువుగారిని అడిగింది.

“స్వామీ, మా అబ్బాయి చెప్పులు తిప్పుతాడు. ఇంట్లోనూ అంతే, బళ్ళోనూ అంతే. అన్నం దగ్గర్నుంచి లేచిపోయి తిప్పొస్తాడు. నిద్దట్లో లేచి చూసొస్తాడు. బళ్ళో పిల్లలందరి బూట్లూ సర్దుతూ వరండాలోనే ఉండిపోతున్నాడని, ఇది మానేదాకా పంపొద్దన్నారు. ఒకాయన తాయెత్తు కట్టమన్నాడు. ఒకావిడైతే చేతులు కట్టెయ్యమంది. ఇది అలవాటా, జబ్బా? జబ్బయితే ఉద్యోగం వదిలేసి వాడి దగ్గరే కూర్చుంటాను, ఏం తిని బతుకుతామో తర్వాత చూసుకుంటాను. అలవాటైతే నాలుగు తగిలించైనా మాన్పిస్తాను. రెంటిలో ఏదో ఒకటి చెప్పండి.”

ఆమె కూర్చోబోయి, మళ్ళీ నిలబడింది. ఈసారి గొంతు అందరికోసమూ కాదు.

“నేను రాగానే పరుగెత్తుకొస్తాడండీ. ఎత్తుకుందామని చేతులు చాపుతాను. వాడు నా మొహం చూడడు, నా చెప్పులు చూస్తాడు. విప్పించి, తిప్పుకుని, నేనున్నంతసేపూ వాటి దగ్గరే కాపలా కూర్చుంటాడు. వాడు నా ఒళ్ళోకి వచ్చి ఎన్నాళ్ళయిందో కూడా గుర్తులేదు.”

“నువ్వు వెళ్ళేటప్పుడు ఏం చేస్తాడమ్మా?” అన్నారు గురువుగారు.

“ఏమీ చెయ్యడండీ. వాడికి తెలియదు కదా.”

అప్పాయమ్మ అందుకుంది. ఆమె గొంతులో కాస్త గర్వమే ఉంది. “తెలియనిస్తామేటండీ! పడుకున్నాడా సరే, లేదంటే పెరట్లోకి ఎత్తుకుపోయి అదిగో కాకి, అదిగో పిల్లి అంటాను. ఈలోగా ఇది నెమ్మదిగా జారుకుంటుంది. ఇన్నాళ్ళలో గుంటడు ఒక్కపాలి కూడా ఏడవలేదండి.”

లోపలున్న ఆడవాళ్ళంతా తలలూపారు. వాళ్ళంతా అలాగే పిల్లల్ని పెంచారు, మేమంతా అలాగే పెరిగాం. గురువుగారు మాత్రం పైపంచె భుజాన వేసుకుని, “ఈ పూటకు ప్రసంగం లేదు” అని లేచి బయటికొచ్చారు.

వాకిట్లో త్రినాథ్ పని దాదాపు పూర్తయింది. గురువుగారి టైరు చెప్పులు కూడా లోపలికే చూస్తున్నాయి. ఆయన మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ, వాడి పక్కన మెట్టు మీద చతికిలబడి, మిగిలిన జతల్ని తనూ గుమ్మం వైపు తిప్పడం మొదలుపెట్టారు.

“గురువుగారూ! నా రెండేళ్ళ సాధన!” అన్నాను నేను.

“నోరు మూసుకుని ఆ మూలనున్న జత ఇలా అందించు.”

కాసేపటికి ఆయన పిల్లవాణ్ణి అడిగారు. “ఇటుంటే ఏమవుతుంది నాన్నా?”

“లోపలున్నట్టు.”

“మరి అటుంటే?”

వాడు చొక్కా కాలరు నోట్లో పెట్టుకుని నమిలాడు. నములుతూనే, “కాకి ఉండదు” అన్నాడు.

“ఏ కాకి?”

“అమ్మమ్మ కాకి అంటది. చూస్తే కాకి ఉండదు. ఇటొస్తే అమ్మ చెప్పులుండవు.”

హైమావతి గుమ్మంలోనే నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పాయమ్మ మాత్రం అప్పటికప్పుడు కళ్ళద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టింది.

గురువుగారు తన చెప్పుల్ని పిల్లవాడి కళ్ళెదుటే వీధి వైపు తిప్పారు. వాడు లోపలికి తిప్పాడు. ఆయన మళ్ళీ తిప్పి, పాదాలు దూర్చి, “నాకు ఆ గేటు దగ్గర పనుంది. వెళ్ళొస్తాను, చూస్తూ ఉండు” అన్నారు. వాడు ఆయన పంచె పట్టుకుని గోల పెట్టాడు. ఆయన మెల్లగా విడిపించుకుని, గేటు దాకా వెళ్ళి, గేటును ఒకసారి తట్టి, తిరిగొచ్చి, “వచ్చానా?” అన్నారు. వాడు చెప్పుల్ని లాక్కుని లోపలికి తిప్పేశాడు. ఆయన మళ్ళీ బయటికి తిప్పారు. ఈసారి కరెంటు స్తంభం దాకా. ఆ తర్వాత కిళ్ళీకొట్టు దాకా. వెళ్ళేముందు ప్రతిసారీ అదే మాట, వచ్చాక ప్రతిసారీ అదే ప్రశ్న. బ్రహ్మజ్ఞానం కోసం బొబ్బిలి నుంచి కారులో వచ్చిన పెద్దమనిషి ఒకాయన నా చెవిలో, “మీ గురువుగారు మామూలుగా ఉంటారా, ఇలాగే ఉంటారా?” అన్నాడు. “ఇవాళే కాస్త మామూలుగా ఉన్నారండీ” అన్నాను.

ఎన్నోసారో చెప్పలేను. పిల్లవాడి ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. వాడు గురువుగారి చెప్పులు తిప్పడం మరిచి, వీధిలో దూరమవుతున్న ఆ తెల్ల పైపంచెను చూడసాగాడు. పంచె కిళ్ళీకొట్టు వెనక మాయం కాగానే వాడి చెయ్యి పక్కనున్న ఎవరివో చెప్పుల మీదికి పోయింది. తిప్పాడు, వీధి చూశాడు. తిప్పాడు, వీధి చూశాడు. పంచె మళ్ళీ కనిపించగానే ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి నాకు వినిపించింది.

ఇంతలో బస్సు వేళయింది. గురువుగారు రొప్పుతూ వచ్చి మెట్టు మీద కూలబడి, హైమావతితో, “ఇప్పుడు నువ్వు” అన్నారు.

“వద్దండీ బాబూ!” అప్పాయమ్మ అడ్డం వచ్చింది. “గుక్కపట్టేస్తాడు. నేను వాణ్ణి అటు తీసుకుపోతాను, ఇది వెళ్ళిపోతుంది.”

“ఆ ఏడుపు వాడిది అప్పాయమ్మా. ఇన్నాళ్ళూ మీరు దాచిపెట్టారు. వాడిది వాడికి ఇచ్చెయ్యండి.”

హైమావతి కొడుకు ఎదుట మోకాళ్ళ మీద కూర్చుంది. వాడు ఆమె పాదాల వైపే చూస్తున్నాడు. ఆమె వాడి గడ్డం పట్టుకుని పైకెత్తింది. “త్రినాథూ, అమ్మ బస్సెక్కి ఆస్పత్రికి వెళ్తుంది. వచ్చే గురువారం రాదు. ఆ పై గురువారం వస్తుంది. వెళ్ళొస్తాను నాన్నా” అంది. అని, తన చెప్పుల్ని తానే వీధి వైపు తిప్పింది. పసిపిల్లల సన్నని నరాల్లోకి సూది గుచ్చే చేతులవి. రెండు చెప్పులు తిప్పలేక తడబడ్డాయి. వాడు లోపలికి తిప్పాడు. ఆమె బయటికి తిప్పింది. వాడు ఆమెను కొట్టాడు. రెండు చేతులతోనూ కొట్టి, కొట్టి, చివరికి అవే చేతులు మెడకు చుట్టి, ఒళ్ళోకి ఎక్కి, మొహం మెడవంపులో దాచుకుని ఏడ్చాడు. ఎన్నాళ్ళుగానో ఆమె కోరుకున్న బరువు అది. దించి వెళ్ళాల్సిన వేళకే దొరికింది.

బస్సు వచ్చి హారను కొట్టింది. ఆ బస్సు కండక్టరుకు నర్సమ్మ తెలుసు కాబట్టి కాసేపు ఆగాడు. ఆమె వాణ్ణి దించి, వెనక్కి చూస్తూనే నడిచి, ఎక్కి, కిటికీ దగ్గర కూర్చుని తల బయటికి పెట్టింది. ఎప్పుడూ వాడి కంటపడకుండా వెళ్ళే మనిషి, ఆ రోజు మలుపు తిరిగేదాకా కనిపిస్తూనే వెళ్ళింది. పిల్లవాడు గేటు ఊచలు పట్టుకుని ఊరంతా వినపడేలా ఏడ్చాడు. గురువుగారు వాణ్ణి ఓదార్చలేదు. పక్కన నిలబడ్డారు.

మధ్యలో ఒక గురువారం గడిచింది. ఆ పై గురువారం బస్సు ఆలస్యమై, ఆమె నేరుగా మఠానికే వచ్చింది. త్రినాథ్ పరుగెత్తుకెళ్ళి, ఎదురుగా ఆగిపోయి, ముందు ఆమె మొహం చూశాడు. వాళ్ళమ్మేనా, ఇంకెవరైనానా అన్నట్టు చాలాసేపు చూశాడు. తర్వాతే పాదాల వైపు చూశాడు. చెప్పులు విప్పించి లోపలికి తిప్పాడు. తిప్పి, ఇంకోసారి సరిచూసుకుని, వచ్చి ఒళ్ళో కూర్చున్నాడు. ఆమె చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు గాలిలోనే ఉండిపోయాయి. మిగతా వరసల్ని వాడు నాకు పూర్తిగా వదిలెయ్యలేదు లెండి. సగం తిప్పి మధ్యలో మరిచిపోయాడు. బళ్ళో ఇప్పుడు బూట్లు సర్దాక లోపలికి వచ్చి కూర్చుంటున్నాడట, ఉండనిస్తున్నారట. ఆమె మళ్ళీ అడిగింది, అలవాటా జబ్బా అని. “పిల్లల డాక్టరుకు చూపించు. ఆయన ఏం చెబితే అది విను. నాకు తెలిసింది ఆ కిళ్ళీకొట్టు దాకానే” అన్నారు గురువుగారు. ఉద్యోగం సంగతి ఆమె ఎత్తలేదు. బస్సు వేళకు మళ్ళీ చెప్పి వెళ్ళింది. వాడు మళ్ళీ ఏడ్చాడు. ఈసారి కొంగు పట్టుకుని, పట్టుకుని, ఎవరూ విడిపించకుండా తనే వదిలాడు.

ఆ వదలడం చూస్తూ నేను నా కొలువు మరిచిపోయాను. సిగ్గుచేటు సంగతే అయినా చెప్పేస్తున్నాను: కళ్ళు తుడుచుకుని చూసేసరికి నా చెప్పులు లేవు. ఊరందరి చెప్పులకూ కాపలా కాసేవాడి చెప్పులు ఎవరో తొడుక్కుపోయారు. గురువుగారు నవ్వి, తన చెప్పులు కూడా విప్పి చేత పట్టుకుని, నాతో పాటు కంకర రోడ్డు మీద నడిచారు. నాకు ఊరుకోవడం చేతకాదు కదా, “గురువుగారూ, పిల్లలు కాకిని నమ్మరని ఏ శాస్త్రంలో రాసుందండీ? మీకు ఎవరు చెప్పారు?” అని అడిగాను.

ఆయన ఆగిపోయారు. వేగావతి ఏటికి అవతలి ఊరేదో ఆయనదనీ, గురువును వెతుక్కుంటూ నడివయసులో ఇల్లు విడిచి వచ్చేశారనీ అందరం గొప్పగా చెప్పుకుంటాం. అంతకు మించి మేమెవరం అడగలేదు, ఆయనా చెప్పలేదు. పని చెబుతారేమో అని నేను చూస్తున్నాను. ఆయన చేతిలోని చెప్పుల వంక చూస్తూ అన్నారు:

“నేను ఇల్లు విడిచిన పొద్దున మా అమ్మాయి నిద్రపోతోంది. ఏడుస్తుందని లేపలేదు.”